కుట్టేసిన పేజీలు

కడుపు పోవడం గురించి మనవాళ్లు మాట్లాడరు. మాట్లాడినా వంటింట్లో, గుసగుసగా, మగవాళ్లు లేకుండా చూసి మాట్లాడతారు. నేను గట్టిగానే రాస్తున్నాను. నలభై దాటాక మా ఊరి రాత్రి బడిలో అక్షరాలు దిద్దినదాన్ని, చిన్నగా రాస్తే నాకే కనపడదు.

ఒమాన్‌లో మొత్తం తొమ్మిదేళ్లున్నాను. మొదట ఇబ్రాలో ఒక ఒమానీ కుటుంబంలో వంట చేశాను. తర్వాత మస్కట్‌కు వచ్చి, వాడి కబీర్‌లో ఒక తెలుగువాళ్ల ఇంట్లో కుదిరాను. ఈ సంగతి ఆ రెండో ఇంట్లో జరిగింది. పెద్ద తుఫాను వచ్చి ఆ రోడ్లన్నీ కొట్టుకుపోయిన మరుసటి ఏడాది, చలికాలం మొదట్లో.

ఆ ఇంట్లో భార్యాభర్తలిద్దరే. గోదావరి జిల్లావాళ్లు. ఆయన ఒక కట్టుబడి కంపెనీలో ఇంజనీరు. పొద్దున ఆరింటికి సైట్‌కు వెళితే మళ్లీ సాయంత్రం ఏడింటికే ఇంటి మొహం చూసేవాడు. ఆమె దగ్గర్లోని స్కూల్లో చిన్న పిల్లలకు లెక్కలు చెప్పేది. పెళ్లయిన నాలుగేళ్లకు నెల తప్పింది. వాంతులతో మంచం దిగలేకపోతుంటే నన్ను పెట్టుకున్నారు. ఆమెకు ఇరవై ఏడు, నాకు యాభై రెండు. ఆమె నన్ను పిన్నీ అనేది. నేను పాపా అనేదాన్ని. మా కడప వైపు పెళ్లయిన ఆడపిల్లనైనా పాపా అనే అంటాం.

నేను చేరిన వారానికి వాళ్లమ్మ దగ్గర్నించి పార్సెల్ వచ్చింది. అందులో సున్నుండలు, ఆవకాయ, ఒక తెలుగు పుస్తకం. కడుపుతో ఉన్నవాళ్లు ఏం తినాలి, ఎట్లా పడుకోవాలి అని చెప్పే పుస్తకం. నాలుగు మూలలకూ పసుపు రాసి ఉంది. తిప్పి చూస్తే మధ్యలో కొన్ని పేజీలు తెరుచుకోలేదు. మూడు వైపులా తెల్ల దారంతో టాకాలు వేసి కుట్టేసి ఉన్నాయి.

"ఇదేంది పాపా, పుస్తకానికి జాకెట్టు కుట్టినట్టు కుట్టినారు?"

"మా అమ్మ పనండి. అందులో కడుపు పోవడం గురించి ఉందంట. కడుపుతో ఉన్నదాని కంట పడకూడదని కుట్టేసింది. పురుడయ్యాక విప్పుకోమంది."

"మీయమ్మ మిషను కుడుతుందా?"

"బొత్తాం కుట్టడం కూడా రాదు. చూడండి, ఎలా వంకరగా పోయాయో."

ఇద్దరం నవ్వుకున్నాం. వాళ్లమ్మ చేసింది మంచి పనే అనుకున్నాను నేను. నాకూ అట్లాంటి నియమాలు చాలా ఉండేవి. బొప్పాయి ఇంటి గడప తొక్కకూడదు. ఖర్జూరం రోజుకు ఒక్కటి మించకూడదు. చేతులు పైకెత్తి బట్టలు ఆరేయకూడదు. అన్నిటికంటే ముఖ్యం, బరువు ఎత్తకూడదు. నేనున్నంత సేపూ ఆమెను చెంబు కూడా ఎత్తనివ్వలేదు.

శుక్రవారం నాకు సెలవు. మస్కట్‌లోనే రువి అనే పేటలో ఒక రూమ్‌లో మా జిల్లా ఆడవాళ్లం నలుగురం కలిసి రాగి సంగటి కెలుక్కుని, మటన్ పులుసు చేసుకుని తినేవాళ్లం. ఆ శుక్రవారమూ వెళ్లాను. ఆయనకూ సెలవే కానీ, సైట్‌లో స్లాబు పోస్తున్నారని ఫోనొస్తే పరిగెత్తాడు. ఆమె ఒక్కతే ఇంట్లో ఉంది.

ఆ ఇంట్లో తాగే నీళ్లు పెద్ద ప్లాస్టిక్ క్యాన్లలో వచ్చేవి. ఇరవై లీటర్ల క్యాను. వ్యాను తోలే అబ్బి తెచ్చి తలుపు దగ్గర పెట్టి పోతాడు. దాన్ని ఎత్తి, బోర్లించి, నీళ్లు పట్టుకునే మిషను మీద పెట్టాలి. ఆ రోజు పాత క్యాను అడుగంటింది. కొత్తది తలుపు దగ్గర ఉంది. ఆమె మధ్యాహ్నం దాకా చూసింది. నాలుక పిడచకట్టుకుపోతుంటే తనే ఎత్తి పెట్టుకుంది.

సాయంత్రం నాలుగింటికి రక్తం కనపడింది. భర్తకు ఫోన్ చేసింది. ఐదింటికి నేను తలుపు తీసేసరికి ఆయన గదుల్లో తిరుగుతూ ఆసుపత్రి ఫైలు వెతుకుతున్నాడు. ఆమె సోఫా అంచున ఒళ్లో తువ్వాలు పెట్టుకుని కూర్చుంది. నేను ఆమె మొహం కంటే ముందు మిషను మీద నిండుగా ఉన్న క్యాను చూశాను.

"క్యాను ఎవరు ఎత్తినారు?" అన్నాను.

"నేనే పిన్నీ."

"ఎత్తినావా? ఇంగేముంది. చేతులారా పోగొట్టుకున్నావు."

అదీ నేనన్న మాట. కడుపు పోతున్న ఆడదాని మొహం మీద, చెప్పులు కూడా విప్పకుండా అన్నాను.

ఆసుపత్రిలో స్కాన్ తీశారు. గుండె కొట్టుకోవడం లేదన్నారు. మరుసటి రోజు పొద్దున గర్భసంచి కడిగారు, మధ్యాహ్నానికి ఇంటికి పంపారు. నేను బయట బెంచీ మీదే ఉన్నాను. డాక్టరమ్మ ఆయనతో ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడింది. ఆయన తలూపుతూ నిలబడ్డాడు. ఎంత విన్నాడో నాకు అనుమానమే. ఇంటికొచ్చాక ఆమె మంచం పక్కన కూర్చుని చెప్పాడు.

"మన తప్పేం లేదన్నారు డాక్టరు. చాలామందికి ఇలా అవుతుందంట. రెండు వారాలాగి ఒకసారి రమ్మన్నారు."

ఆమె గోడవైపు తిరిగింది. "డాక్టర్లు అందరికీ అదే చెప్తారండి. పిన్నికి తెలుసు" అంది.

నేను గుమ్మంలో గంజి గ్లాసుతో ఉన్నాను. ఆ 'పిన్నికి తెలుసు' అన్న మాట విని గ్లాసు బల్ల మీద పెట్టి వంటింట్లోకి వచ్చేశాను.

డాక్టర్ అంతంత చదువు చదివి చెప్పిన మాట ఆ పిల్లకు ఎక్కలేదు. నేనన్నదే ఎక్కింది. ఇద్దరు బిడ్డల్ని కన్నదాన్ని కదా, అనుభవం ఉన్నదాన్ని.

ఆ తర్వాత రోజులు ఎట్లా గడిచాయో చెబుతాను. వాళ్లమ్మ ఫోన్ చేసి, స్కూల్లో జ్వరమని చెప్పమంది, బంధువులకు అసలేం చెప్పొద్దంది. ఆమె సరే సరే అంటూ విని ఫోన్ పెట్టేసింది. రెండు ముద్దలు తిని కంచం తోసేసేది. ఆ మిషను నీళ్లు ముట్టేది కాదు. కుళాయి నీళ్లు కాచి ఇవ్వమనేది, అవీ రెండు గుక్కలే. పక్క మీద కూర్చుని తన చేతుల్ని తనే చూసుకునేది. ఐదో రోజు భర్తతో అంది.

"నన్ను ఇండియా పంపించేయండి. నాకు పిల్లలొద్దు. ఇంకోదాన్ని చంపలేను."

"అదేం మాటే?"

"నిజమే కదండి. నా చేతులారా చేశాను."

ఆయన లేచి వంటింట్లోకి వచ్చాడు. నేను తోముతున్న గిన్నె నా చేతిలోంచి తీసుకుని తోమడం మొదలుపెట్టాడు. కుళాయి మొత్తం తిప్పి, తోమిన గిన్నెనే మళ్లీ తోముతూ ఏడ్చాడు. నేను ఉల్లిపాయలు ఏరుతున్నట్టు అటు తిరిగి నిలబడ్డాను.

'చేతులారా' అన్న మాట ఆమె నెత్తికెక్కించింది నేనేనని ఆయనకు అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పుడు రాస్తాను, అది రాయకపోతే ఈ కాగితం దండగ. ఆ శుక్రవారం క్యాను చూడగానే నాకు మొదట గుర్తొచ్చింది ఆమె కాదు. నేను. ఆమెను కనిపెట్టుకుని ఉండమని నన్ను పెట్టుకుంటే, నేను సంగటి తినడానికి పోయాను. ఇంట్లో ఉంటే ఆ క్యాను నేను ఎత్తేదాన్ని. ఈ నేరం నా మీదికి వస్తుందని భయం వేసింది. రాకముందే తీసి ఆమె మీద వేశాను. అంత తొందరగా వేశాను కాబట్టే నాకు కూడా తెలియలేదు.

అట్లాగని నేను అబద్ధం చెప్పాననీ కాదు. బరువెత్తితే కడుపు పోతుందని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం నాకు ఉచితంగా రాలేదు. పెళ్లయిన కొత్తలో నాకు మూడు పోయాయి. మొదటిది మూడో నెలలో. "బిందె మీద బిందె పెట్టుకుని పోతే కడుపు జారదా?" అంది మా అత్త. నీళ్లు తెమ్మన్నది ఆమే. రెండోసారి పోయినప్పుడు, పెళ్లికి పోయి నిద్ర కాచినావు అంది. మూడోసారి ఆమెకు ఏ కారణమూ దొరకలేదు. అప్పుడు నా కడుపే మంచిది కాదని తేల్చింది. ఆ తర్వాత కొడుకు పుట్టాడు, కూతురు పుట్టింది. మూడింటి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. కానీ తల మీద బిందె పెట్టుకున్నప్పుడల్లా నాకు నడుములో ఒక వణుకు వచ్చేది. నా బిడ్డను నేనే జారవిడిచాననే నమ్మాను. ముప్పై ఏళ్లు నమ్మాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆమె నిద్రపోయింది. నేను గోడ అర తుడుస్తుంటే ఆ పుస్తకం చేతికొచ్చింది. కుట్లు కుట్లుగానే ఉన్నాయి. ఏ చెడు పాప కంట పడకూడదని వాళ్లమ్మ వీటిని కుట్టిందో అది జరిగిపోయింది కదా, ఇంక దీన్ని ఎందుకు మూసిపెట్టాలి అనిపించింది. కత్తెర తెచ్చి దారం తెంపాను. ఎనిమిది పేజీలు బయటపడ్డాయి.

నేను చదవడమంటే మీరు చదివినట్టు కాదు. వేలు కింద పెట్టుకోవాలి. ఒత్తులు వస్తే ఆగాలి. 'గర్భస్రావం' అన్న మాట దగ్గరే మూడుసార్లు ఆగాను. ఒక మధ్యాహ్నానికి రెండు పేజీలు అయ్యాయి. వంటింట్లో నేల మీద కూర్చుని, పొయ్యి మీద పప్పు పెట్టి చదివాను. పప్పు మాడింది. మర్నాడు మళ్లీ కూర్చున్నాను.

రెండో రోజు ఆ మాటలు వచ్చాయి. మొదటి మూడు నెలల్లో పోయేవి ఎక్కువగా పిండం మొదట్లోనే సరిగ్గా కుదరక పోతాయట. తల్లి చేసిన పని వల్ల కాదట. ఇంటిపని వల్ల కాదు, ప్రయాణం వల్ల కాదు, భయపడటం వల్ల కాదు, ఒకసారి బరువు ఎత్తడం వల్ల కాదు అని వరసగా రాసి ఉంది. నేను ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను. ఆలస్యంగా అక్షరాలు నేర్చినవాళ్లకు ఈ అనుమానం ఎప్పుడూ ఉంటుంది, నేను తప్పు చదివానేమో అని. ఐదోసారి బయటికి చదివాను. అదే వచ్చింది.

ముందు మా అత్త మీద కోపం వచ్చింది. చచ్చి పదిహేనేళ్లయిన మనిషి మీద ఏం కోపం చూపిస్తాం? గరిటె తీసి గట్టు మీద కొట్టాను. కోపం దిగాక, ప్రయాణం వల్ల కాదు అన్న దగ్గర వేలు ఆగింది. అక్కడ నా కోడలు ఉంది.

మూడేళ్ల కిందట నేను ఇబ్రాలో ఉన్నప్పుడు నా కొడుకు భార్యకు రెండో నెలలో పోయింది. అంతకు నాలుగు రోజుల ముందు పుట్టింటికి బస్సులో వెళ్లింది. నేను ఫోన్‌లో, "బస్సెక్కొద్దని చెప్తే ఎక్కినావు, అనుభవించు" అన్నాను. తర్వాత ఆమెకు మగబిడ్డ పుట్టాడు. పుట్టాడు కాబట్టి ఆ మాట చెల్లిపోయిందనుకున్నాను. ఆ పిల్ల మాత్రం అప్పట్నించీ నాతో అవును, కాదు, బాగుండాం అని మూడు మాటల కంటే ఎక్కువ మాట్లాడింది లేదు. పొగరనుకున్నాను.

మా అత్త ఒక్కతే అనుకున్నానా, నేనూ అత్తనే.

ఆ సాయంత్రం ఐదింటికి పుస్తకం తీసుకుని ఆమె గదిలోకి వెళ్లి నేల మీద కూర్చున్నాను. గోడవైపు తిరిగి పడుకునే ఉంది.

"పాపా, ఇదేం పదమో చెప్పు."

"నాకు ఓపిక లేదు పిన్నీ."

"సరే, నేనే చదువుతా. క్రో... మా... జో..."

నేను మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాను. క్రో, మా, జో. మూడోసారికి పంతులమ్మ ప్రాణం ఊరుకోలేదు.

"మా కాదు, మో. క్రోమోజోములు."

"అవేంది?"

"విత్తనంలో ఉండే పోగుల్లాంటివండి. బిడ్డ ఎలా ఉండాలో వాటిలోనే ఉంటుంది."

"ఆ పోగులు సరిగ్గా కుదరకపోతే పిండం పెరగదంట. ఈడ రాసుండాది."

ఆమె ఇటు తిరిగింది. తెగిన దారం ముక్కలు పేజీల అంచున ఇంకా వేలాడుతున్నాయి.

"కుట్టు విప్పేశారా?"

"తెంపినా. ఇంగ దాచేదేముంది."

లేచి కూర్చుని పుస్తకం లాక్కుంది. నాకు రెండు మధ్యాహ్నాలు పట్టినది ఆమె కళ్లతోనే నిమిషంలో తాగేసింది. ఒక చోట కళ్లు ఆగాయి. ఎక్కడ ఆగాయో నాకు తెలుసు. తర్వాత పుస్తకం మూసేసింది.

"ధైర్యం కోసం ఇలా రాస్తారు పిన్నీ. మీరు ఇవన్నీ చూసినవారు కదా. మీరే అన్నారు, చేతులారా అని."

"నేను అనింది తప్పు."

"నా మీద జాలితో అంటున్నారు."

"జాలి పడి మాట్లాడే నోరా ఇది? విను. నాకు మూడు పోయినాయి పాపా. మా అత్త నీళ్ల బిందెలు మోసినందుకే అనింది. నేను నమ్మినా. ఆమె నాకు పెట్టిందే తెచ్చి నీకు పెట్టినా. ఇంగొకటి కూడా ఉండాది. ఆ పొద్దు నేను ఇంట్లో లేను. అందరూ నన్ను అంటారని భయమేసి, ముందే నిన్ను అనేసినా."

ఆమె పుస్తకం పక్కన పడేసింది.

"మీ మీద పడుతుందని నా మీద వేశారా?"

"అవును."

"తొమ్మిది పది రోజుల్నుంచి నేను నా చేతులు నరుక్కుందామన్నట్టు ఉన్నాను. మీరు అవతల వంటింట్లో పప్పు వండుకుంటూ ఉన్నారు."

"ఉండాను."

"ఎంత తాపీగా చెప్తున్నారండి."

"నా తప్పు ఏడ్చుకుంటా చెప్తే నువ్వే నన్ను ఓదార్చాల్సి వస్తుంది. అదొద్దు."

"బయటికి వెళ్లండి" అంది. గొంతు లేచింది. పది రోజుల్లో ఆమె గొంతు లేవడం అదే మొదటిసారి. "వెళ్లండి పిన్నీ, నాకు మీ మొహం చూడాలని లేదు."

వెళ్లాను. తలుపు ధడేల్మని వేసింది. ఆ రాత్రి భోజనం ఆయనే తీసుకెళ్లి పెట్టాడు. నన్ను పంపించేస్తారేమో అనుకుని బట్టలు సర్దుకుందామా అని కూడా ఆలోచించాను. కానీ నాకు ఆ తలుపు చప్పుడు నచ్చింది. గోడవైపు తిరిగి తన్ను తాను తిట్టుకునే మనిషి కంటే, లేచి నన్ను తిట్టే మనిషి నయం.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున వంటింట్లోకి వచ్చి నిలబడింది.

"రేపు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మీరూ రండి. ఆ క్యాను సంగతి మీరే అడగాలి, నా ఎదురుగా. నేను అడిగితే నన్ను ఓదారుస్తారు. మిమ్మల్ని ఎవరూ ఓదార్చరు."

"అడుగుతా."

ముగ్గురం వెళ్లాం. డాక్టరమ్మ ఉత్తరాది మనిషి, హిందీ మాట్లాడుతుంది. ఇబ్రాలో, రువిలో నేర్చుకున్న వచ్చీరాని హిందీలో నేను అడిగాను.

"మేడమ్, ఈ పాప ఇరవై లీటర్ల నీళ్ల క్యాను ఎత్తింది. సాయంత్రానికి రక్తం కనపడింది. అందుకే పోయిందా? ఔనా కాదా, ఒక్క మాట చెప్పండి."

"అందుకే అని ఎవరన్నారు?"

"నేనే అన్నాను."

డాక్టరమ్మ నన్ను ఒకసారి ఎగాదిగా చూసి ఫైలు తీసింది. స్కాన్ కాగితం బయటికి లాగి పాప ముందు పెట్టింది. ఆ శుక్రవారానికి లెక్క ప్రకారం పది వారాలు దాటాలి. లోపలి పిండం మాత్రం ఎనిమిది వారాల కొలతే ఉంది. అంటే అది పెరగడం మానేసి అప్పటికే రెండు వారాలైంది.

"మీరు క్యాను ఎత్తేనాటికి ఆ గుండె ఆగి చాలా రోజులైంది" అంది. "ఈ మాట నేను ఆ రోజే చెప్పాను."

ఆయన తల దించుకున్నాడు. "చెప్పారేమో. నాకు గుండె ఆగింది అన్న దగ్గర్నించి ఏమీ వినపడలేదు" అన్నాడు.

ఆమె లెక్కల మనిషి కదా, కాగితం మీది అంకెలు రెండుసార్లు చూసింది. వేళ్లు మడిచి వారాలు లెక్కపెట్టుకుంది. ఇప్పుడు ఊపిరి పీల్చుకుంటుంది అనుకున్నాను. అట్లా కాలేదు.

"రెండు వారాల ముందంటే... అప్పుడు నేనేం చేశాను? ఏదో చేసే ఉంటాను" అంది.

నేను నేర్పిన విద్య ఎంత లోతుకు పోయిందో అప్పుడు తెలిసింది. ఒక నేరం తీసేస్తే ఆ ఖాళీలో పెట్టుకోవడానికి ఇంకో నేరం వెతుక్కుంటోంది.

డాక్టరమ్మ ఏదో అనబోయింది. అంతలో ఆయన అన్నాడు. "నేను చెప్తాను. ఆ వారం నీకు వాంతులు కాస్త తగ్గాయని మనం మట్రా వెళ్లాం. సముద్రం ఒడ్డున నడిచాం. నీకు ఐస్‌క్రీమ్ కావాలంటే కొన్నాను, నాదీ నువ్వే తిన్నావు. పడవల్ని చూసి నవ్వావు. ఇంటికొచ్చి పడుకున్నావు. అంతే చేశావు."

"అంతేనా?"

"అంతే. నాకు బాగా గుర్తుంది. ఆ రోజునే నేను రోజూ గుర్తు చేసుకుంటున్నాను."

అప్పుడు ఏడ్చింది. అంతకుముందు ఏడ్చిన ఏడుపు వేరు, గొంతులోనే మింగేది. ఇది బయటికి వచ్చింది. డాక్టరమ్మ టిష్యూ డబ్బా జరిపి, తొందరేం లేదన్నట్టు పెన్ను పక్కన పెట్టేసింది. అంతా అయ్యాక, మళ్లీ బిడ్డ కోసం చూడాలో వద్దో మీరిద్దరే తేల్చుకోండి, ఒంటికి అడ్డేమీ కనపడలేదు, మనసు కుదుటపడేదాకా ఆగినా నష్టం లేదు అంది. రక్తం ఎక్కువైనా జ్వరం వచ్చినా వెంటనే రమ్మంది.

లేవబోతూ నేను ఇంకొకటి అడిగాను. "నాకు ముప్పై ఏళ్ల కిందట మూడు పోయాయి. బిందెలు మోశాను."

"అప్పటివి ఎందుకు పోయాయో ఇప్పుడు నేను చెప్పలేను. కానీ ఆ నేరం బిందె మీద మాత్రం వేయను. ఇంతకుముందు ఏ డాక్టర్‌కైనా చెప్పారా?"

"డాక్టర్‌కు కాదు, ఎవరికీ చెప్పలేదు. మొన్న ఈ పాపకు చెప్పాను, ఇప్పుడు మీకు."

బయటికి వచ్చాక ఆమె ఎండలో ఆగింది. ఆ నెలల్లో అక్కడి ఎండ మన చలికాలపు ఎండలాగే ఒంటికి హాయిగా ఉంటుంది. "పిన్నీ, మీ మీద నాకింకా కోపం పోలేదు" అంది.

"పోనక్కరలేదు."

"కానీ ఆకలేస్తోంది."

రువిలో ఒక చిన్న మలయాళీ హోటల్లో కూర్చున్నాం. తన దోసె మొత్తం తిని భర్త ప్లేటులోంచి సగం తుంచుకుంది. ఆయన తన చట్నీ గిన్నె కూడా ఆమె వైపు జరిపి, ఆమె తినడమే చూస్తూ కూర్చున్నాడు.

ఆ రోజు సాయంత్రమే వాళ్లమ్మకు ఫోన్ చేసింది. నాకు ఇవతలి మాటలే వినపడ్డాయి. "అమ్మా, ఇంక జ్వరమని చెప్పకు. కడుపు పోయిందనే చెప్పు... అనుకోనీ... నేనేం తప్పు చేశానని దాచాలి?... ఆ పేజీలు విప్పేశామమ్మా. వాటిలో ఉన్నదే నాకు ముందు తెలియాల్సింది... నా మంచికే కుట్టావని తెలుసులే. ఏడవకు." వాళ్లమ్మను ఈమే ఓదార్చింది. శనివారం స్కూలుకు వెళ్లింది. స్టాఫ్ రూములో అడిగినవాళ్లకు అడిగినట్టే చెప్పిందట. ఇంటికొచ్చి, "ముగ్గురు నన్ను పక్కకు పిలిచి, తమకూ పోయిందన్నారు పిన్నీ. మూడేళ్లుగా ఒకే బల్ల మీద టిఫిన్ బాక్సులు తెరుస్తున్నాం, ఒక్కరూ చెప్పలేదు" అంది.

తర్వాత ఆమెకు పిల్లలు పుట్టారా అని అడిగేవాళ్లు ఉంటారు. ఈ సంగతి ఎవరికి చెప్పినా చివర్న అదే అడుగుతారు. నేను చెప్పను. పుట్టారంటే, పోనీలే అంతా సర్దుకుంది అంటారు. పుట్టలేదంటే, అయ్యో చూశావా అంటారు. బిడ్డ పుడితేనే ఆమె తప్పు లేనట్టా? నేను నా కోడలి విషయంలో చేసిన లెక్క అదే. ఆమె ఆకలితో దోసె తిన్న రోజుకే ఆమె తప్పు లేదు. అంతకుముందు కూడా లేదు.

కోడలికి ఉత్తరం రాశాను. నా చేత్తో నేను రాసిన మొదటి ఉత్తరం అదే. పాప రాసిస్తానంది, వద్దన్నాను. మూడు కాగితాలు చింపాక నాలుగు వాక్యాలు కుదిరాయి. నీకు మొదటిది పోయినప్పుడు నేను బస్సు మాట అన్నాను. అది తప్పు. బస్సు వల్ల పోలేదు, నీ వల్ల పోలేదు. నాకు మూడు పోయాయి, అవి కూడా నా వల్ల పోలేదంట. ఇంతే రాశాను. ఎట్లా ఉండావు, పిల్లోడు ఎట్లా ఉండాడు అని రాద్దామనుకున్నాను కానీ అప్పటికే చెయ్యి నొప్పి పుట్టింది.

ఇరవై రోజులకు ఇంటి ఫోన్ మోగింది. కోడలే. తనంతట తాను నాకు ఫోన్ చేయడం మూడేళ్లలో అదే మొదలు.

"అత్తా, ఉత్తరం వచ్చింది. ఎవరి చేత రాయించినావు?"

"నేనే రాసినా."

"నువ్వే అనుకున్యా. నీ అక్షరాలు కోళ్లు గీకినట్టుండాయి." వెనక మనవడు దేనికో మారాం చేస్తున్నాడు. "రెండుసార్లు చదివినా" అంది.

"చదివినావు కదా. ఇంగేం?"

"కాయితంలో ఉండేది కాదు అత్తా. ఆ మాట నువ్వు నోటితో అన్నావు. ఇదీ నోటితో చెప్పు."

పాప పక్క గదిలో పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతోంది. నేను గొంతు తగ్గించలేదు. చెప్పాను.